వారాల లెక్క

పూర్వం మన పట్టణాలలో వారాలు చేసుకొని చదువుకొన్న విద్యార్థులు ఉండేవారు. ఈనాటి పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చును గాని, ఇంట్లో పెద్దవారిని అడిగితే చెపుతారు. పల్లెటూరినుండి చదువుకొరకు వచ్చిన బీద పిల్లవాడు ఏడు ఇండ్లు కుదుర్చుకొనేవాడు. సోమవారం ప్లీడరుగారింట భోజనం, మంగళవారం పండితులవారింట, బుధవారం మేష్టారింట. ఈ విధంగా వారం గడిచిపోయేది. ఏ ఒక్క ఇంటికీ అతడు భారం కాడు. ఏడిండ్లూ ఎన్నడూ ఒకచోట చేరి తీర్మానం చేసుకొన్నది లేదు; ఒకరి సంగతి ఒకరికి తెలియను కూడ తెలియదు. అయినా పిల్లవాని చదువు మాత్రం పూర్తి అయ్యేది.

నేటి నా ప్రసంగం భోజనాలను గురించి కాదు, లెక్కలను గురించి. అయితే ఏర్పాటు మాత్రం ఇంచుమించు అదే. ఒక శాస్త్రజ్ఞునికి ఒక ప్రశ్న తోస్తుంది. దానికి సమాధానం రాబట్టాలంటే కోట్లాను కోట్ల గుణింతాలు, కూడికలు చేయాలి. ఆయన విశ్వవిద్యాలయంలో ఉన్న కంప్యూటరుకు ఆ పని వందల ఏండ్లు పట్టవచ్చును. బ్రహ్మాండమైన గణనయంత్రాలు లోకంలో లేకపోలేదు. వాటిదగ్గర వంతు దొరకడం ఆయనకు సులభం కాదు. మరొకప్రక్క లక్షల ఇండ్లలో, బల్లలమీద, కంప్యూటర్లు ఉన్నవి. పగలు గంటో రెండు గంటలో పనిచేసి మిగిలిన కాలమంతా ఊరక కూర్చుంటున్నవి. పెద్ద లెక్కను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఇంటర్నెట్టు ద్వారా ఇంటికొక ముక్క పంపించి, ఇంటివారు వాడుకోని వేళ దానిని చేయించి, సమాధానాలు తిరిగి తెప్పించుకొంటే? ఈ ఆలోచనకే స్వచ్ఛంద గణనం అని పేరు పెట్టుకోవచ్చును.

ఈ పద్ధతికి లోకంలో అందరికన్న ఎక్కువ పేరు తెచ్చినది ఒక రేడియో వ్యవహారం. రేడియోలో పనిచేసేవాణ్ణి గనుక దానిమీద కొంచెం మక్కువ చూపితే శ్రోతలు మన్నిస్తారని తలుస్తాను.

మేము ఈ గదిలో కూర్చుండి మాట్లాడుతాము. ఎవరు వింటున్నారో మాకు కనిపించదు. దీనికి సరిగా తలక్రిందులైన పని ఒకటి ఉన్నది: ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని, వక్త ఎవరో, అసలు ఉన్నాడో లేడో తెలియకుండ చెవి ఒగ్గి వినడం. నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలలో మనవంటి బుద్ధిజీవులు ఉంటే, వారు రేడియో తరంగాలు పంపుతుంటే, వాటిని పట్టుకోవాలని ఖగోళ శాస్త్రజ్ఞులు 1960నుండి ప్రయత్నిస్తున్నారు. అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు ఈ పనిలో సామాన్య గృహస్థుల సాయం కోరుతూ 1999 మే 17న సెటి ఎట్ హోం అనే పథకాన్ని ప్రారంభించినారు.

వారికి చెవి ప్యూర్టోరికో ద్వీపంలోని అరెసీబో రేడియో దూరదర్శిని. కొండల నడుమ సహజంగా ఏర్పడిన గుంటలో 305 మీటర్ల అడ్డుకొలత గల పళ్ళెంవలె దానిని నిర్మించినారు. ఇతర శాస్త్రజ్ఞులు తమ పనులకు దానిని వాడుకొంటూ ఉండగానే వీరు ప్రక్కనుండి తమకు కావలసిన ధ్వనిని పట్టి టేపులమీద ఎక్కించుకొనేవారు. ఆ టేపులు పోస్టులో బర్క్‌లీకి వెళ్ళేవి. వారు విన్నది 1420 మెగాహెర్ట్జుల పరిసరాలలో. పాత రేడియో పెట్టెలు ఎరిగినవారికి మెగాసైకిళ్ళు అంటే చప్పున తెలుస్తుంది. మన మధ్యమ తరంగాల పొడవు వందల మీటర్లు. ఈ తరంగం పొడవు 21 సెంటీమీటర్లే. విశ్వంలో అన్నిటికన్న విస్తారంగా ఉన్న ఉదజని వాయువు సహజంగా పలికే స్థాయి అది. ఏ లోకపు శాస్త్రజ్ఞునికైనా అది తెలిసి ఉంటుంది గనుక పిలిచేవాడు అక్కడ పిలుస్తాడని ఊహ. ఆ చోట ఎవరూ ప్రసారాలు చేయరాదని భూమిమీది దేశాలన్నీ ఒప్పందం కూడ చేసుకొన్నవి.

ఆ స్థాయికి అటూ ఇటూ కలిపి రెండున్నర మెగాహెర్ట్జుల వెడల్పు గల పట్టీని 256 పేలికలుగా చీల్చినారు. ఒక్కొక్క పేలిక వెడల్పు సుమారు పది కిలోహెర్ట్జులు. మన దేశంలో మధ్యమ తరంగాలమీద ఒక స్టేషనుకూ మరొక స్టేషనుకూ నడుమ ఉండే ఎడం తొమ్మిది కిలోహెర్ట్జులు. అనగా ఇంటికొక రేడియో స్టేషను చొప్పున ఆకాశాన్ని పంచి ఇచ్చినారన్నమాట. ఒక్కొక్క ముక్క నిడివి 107 సెకండ్లు. ఆ 107 సెకండ్ల గరగరలో ఏమైనా ఉన్నదేమో చూడడానికి ఆనాటి ఇంటి కంప్యూటరుకు ఎన్నో గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక రోజుకు పైగా పట్టేది.

రెండు నిమిషాల ముక్కకు అంత సేపెందుకని మీరు అడగవచ్చును. మీ ఎదుట ఈలవేస్తూ రైలుబండి పోయినప్పుడు దగ్గరకు వచ్చేటప్పటి ఈల వేరు, దూరమయ్యేటప్పటి ఈల వేరు. భూమి తిరుగుతున్నది. పిలిచేవాని గ్రహమూ తిరుగుతూ ఉంటుంది. కనుక అతని స్వరం ఒకచోట నిలవదు, మెల్లగా జారుతుంది. ఎంత వేగంతో జారుతుందో మనకు తెలియదు. అందుచేత సాధ్యమైన జారుడు వేగాలను వేల సంఖ్యలో, ఒకటి తరువాత ఒకటి, పరీక్షించి చూడాలి. ఇంకొక గుర్తు కూడ ఉన్నది. భూమితోపాటు పళ్ళెం చూపు ఆకాశంమీద సాగిపోతున్నది గనుక, నిజంగా ఒక నక్షత్రంనుండి వచ్చిన ధ్వని అయితే సుమారు పన్నెండు సెకండ్లలో మెల్లగా హెచ్చి, మెల్లగా తగ్గిపోవాలి. ప్రక్క ఊరి యంత్రం చేసే రొదకు ఆ లక్షణం ఉండదు.

పథకం పెట్టినవారు ఊహించినదానికన్న ఎన్నో రెట్లు ఎక్కువమంది వచ్చినారు. కాలక్రమాన ఆ సంఖ్య 50 లక్షలు దాటినది. నేను విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజులలో మా ఊరి ఇంటర్నెట్టు సెంటరులో ఒక కంప్యూటరు తెరమీద రంగురంగుల కొండలవంటి గీతలు కదులుతూ ఉంటే, అది ఏదో అలంకారం అనుకొన్నాను. సెంటరు యజమాని, "అది ఆకాశం వింటున్నదండీ" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

మనుష్యులు ఎక్కడైనా మనుష్యులే. ఎవరు ఎన్ని ముక్కలు చేసినారో పట్టికలు వేసి ప్రకటించగా, తమ పేరు పైకి ఎక్కాలని కొందరు లెక్క చేయకుండానే చేసినట్లు సమాధానాలు పంపినారు. కొన్ని యంత్రాలు బుద్ధిపూర్వకంగా కాకపోయినా వేడెక్కి తప్పులు చేసినవి. అందుచేత ఒకే ముక్కను ఇద్దరు ముగ్గురికి పంపించి, సమాధానాలు కలిస్తేనే స్వీకరించే ఏర్పాటు చేసుకొన్నారు. బియ్యంలో రాళ్ళు కలిపి ఇచ్చేవారు ఏ కాలంలోనైనా ఉంటారు, ఏరుకొనవలసినదే.

ఇరవైయొక్క సంవత్సరాల పిమ్మట, 2020 మార్చి 31న, ముక్కలు పంపడం ఆపివేసినారు. ఆ ఏడు డిసెంబరు 1న అరెసీబో దూరదర్శిని పైనున్న వేదిక తీగలు తెగి పళ్ళెంమీద కూలిపోయినది. ఆ శాస్త్రజ్ఞులు తమకు చేరిన 1200 కోట్ల ఆనవాళ్ళను జల్లెడపట్టి, మళ్ళీ ఒకసారి వినదగినవి వంద మాత్రం మిగిల్చినారు. చైనాలోని 500 మీటర్ల దూరదర్శినితో ఆ చోట్లను తిరిగి చూడడం మొదలుపెట్టినారు. ఇంతవరకు వేరొక లోకపు పిలుపు అని నిర్ధారణ అయినది ఒక్కటీ లేదు.

మరి యాభై లక్షల ఇండ్ల శ్రమ వ్యర్థమేనా? నేనట్లు అనుకోను. పలానా తీవ్రత గల పిలుపు, పలానా కాలంలో, పలానా ఆకాశ భాగంనుండి రాలేదని తెలియడం కూడ తెలియడమే. అదే దూరదర్శినినుండి వచ్చిన వేరొక మూటలో వేరొక పథకంవారికి ఫలితం కనిపించినది కూడ. ఐన్‌స్టైన్ ఎట్ హోం అనే పథకంలో 2010లో అమెరికాలోని అయోవా రాష్ట్రపు దంపతుల ఇంటి కంప్యూటరు, జర్మనీలో మైంజ్ నగరపు ఒకరి కంప్యూటరు, రెండూ కలిసి ఒక కొత్త నక్షత్రాన్ని పట్టి ఇచ్చినవి. సెకనుకు 41 సార్లు గిర్రున తిరిగే పల్సారు అది. మనకు సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. ఆ దంపతులకు ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పేవరకు తెలియదు. వారు నిద్రపోతూ ఉండగానో, బజారుకు వెళ్ళినప్పుడో, ఆ లెక్క పూర్తి అయి ఉంటుంది.

నక్షత్రాల మాట అటుంచుదాము. ఇంట్లో జ్వరపడిన మనిషికి ఇది ఏమి చేయగలదు? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2000 అక్టోబరులో మొదలైన ఫోల్డింగ్ ఎట్ హోం అనే పథకం మాంసకృత్తులను గురించినది. మాంసకృత్తి అంటే పూసలదండవంటి పొడవైన అణువు. అది సరిగా ముడుచుకొంటేనే మన దేహంలో తన పని చేస్తుంది. ముడత తప్పితే కొన్ని రోగాలు వస్తవి. ఆ ముడతను, కదలికను కంప్యూటరులో ఆడించి చూస్తారు. ఒక్కొక్క అడుగు ఎంత చిన్నదంటే, సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో రెండో మూడో భాగాలు. అట్టి అడుగులు కోట్లకొద్దీ వేస్తే గాని చూడదగిన కదలిక ఏదీ జరగదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆకాశపు ధ్వనిని ముక్కలు కోయవచ్చును గాని కథను ముక్కలు కోయడం ఎట్లా? రెండవ ఘట్టం తెలియాలంటే మొదటి ఘట్టం జరిగి ఉండాలి గదా! దానికి వారు చేసిన ఉపాయం మెచ్చుకోదగినది. ఒకే పొడుగు కథను నడిపించక, మాంసకృత్తిని వేల వేల భంగిమలలో నిలబెట్టి, ఒక్కొక్క భంగిమనుండి ఒక్కొక్క ఇంట చిన్న కథ నడిపిస్తారు. ఏ భంగిమనుండి ఏ భంగిమకు ఎంత తరచుగా పోతున్నదో లెక్కకట్టి, ఆ చిన్న కథలనుండి పెద్ద కథను కూర్చుకొంటారు.

2020లో కరోనా వ్యాపించి లోకమంతా తలుపులు మూసుకొని కూర్చున్నప్పుడు, వీరు ఆ వైరసు మాంసకృత్తులను చేపట్టినారు. అంతకుముందు కొన్ని పదుల వేలమంది ఉన్న ఆ పథకానికి పది లక్షలకు పైగా తోడైనారు. వైరసుకు పైన కొమ్ములవంటివి ఉన్నవని అప్పటి చిత్రాలలో అందరమూ చూసినాము. ఆ కొమ్ము నోరు తెరిస్తేనే మన జీవకణాన్ని పట్టుకోగలదు. ఎట్లా తెరుస్తుందన్నది ప్రశ్న. ఏప్రిలు నాటికి ఆ ఇంటి యంత్రాల ఉమ్మడి శక్తి, వారి లెక్క ప్రకారం, లోకంలోని మొదటి 500 మహాగణనయంత్రాల మొత్తాన్ని మించినది. వచ్చినవారందరికీ పంచడానికి ముక్కలు తయారుచేయలేక శాస్త్రజ్ఞులే వెనుకబడినారు. వడ్డించే ఇండ్లు ఎక్కువై విద్యార్థులు తక్కువైన రోజులవి. ఇంతా చేసి, 2021లో వారు ప్రకటించిన వ్యాసం ప్రకారం, అన్ని ఇండ్లూ కలిసి నడిపించిన కథ నిడివి సెకనులో పదవ వంతు. ఆ పదవ వంతులో, మామూలు చిత్రాలకు అందని గుప్తస్థానాలు ఆ వైరసు మాంసకృత్తులలో 50కి పైగా కనిపించినవి. మందు అణువు పోయి తగులుకోవడానికి అట్టి చోట్లే కావాలి.

ఇదంతా చదివి ఉత్సాహపడి నేనూ మా ఇంట్లో, మా అబ్బాయి బల్లమీద ఉన్న కంప్యూటరుకు ఈ పని అప్పగించినాను. నాలుగవ రోజు రాత్రి మా ఇంటావిడ అడిగినది: "ఏమండీ, పిల్లవాడు నిద్రపోయినాడు గదా, ఆ గదిలో గుయ్యిమని ఏమిటది?" నేను స్వచ్ఛంద గణనం గురించి, వారాల విద్యార్థి ఉపమానంతో సహా, ఇప్పుడు మీకు చెప్పినట్లే చెప్పినాను. మిగులు శక్తి, ఊరక పోయేదే, మనకు ఖర్చేమీ లేదు అని కూడ అన్నాను.

ఆవిడ అంతా విని, "మా అమ్మమ్మగారింట వారాలబ్బాయి ఉండేవాడట. అతనికి మిగిలినది పెట్టేవారు కారు. అతని వారం నాడు ఎసట్లో సోలెడు బియ్యం ఎక్కువ పోసేవారు" అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయినాను. మరునాడు ఒక స్నేహితుని దగ్గర చిన్న కరెంటు మీటరు ఎరువు తెచ్చి పెట్టి చూసినాను. కంప్యూటరు ఊరక ఉన్నప్పుడు 50 వాట్లు. ఈ లెక్కలు చేస్తున్నప్పుడు 150 వాట్లు. తేడా వంద. పది గంటలకు ఒక యూనిటు, నెలకు 30 యూనిట్లు. మన బిల్లులలో వాడకం పెరిగేకొద్దీ యూనిటు ధర కూడ మెట్లు మెట్లుగా పెరుగుతుంది గనుక, ఆ 30 యూనిట్లు పడేది అన్నిటికన్న పై మెట్టుమీద. డబ్బు ఒక్కటే కాదు. ఆ యూనిటుకొరకు ఏ రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు కాలుతున్నది.

1999లో ఈ పథకాలవారు మిగులు అన్నప్పుడు ఆ మాటలో చాలవరకు నిజం ఉన్నది. ఆనాటి యంత్రం పనిచేసినా ఊరక ఉన్నా తాగే కరెంటులో పెద్ద తేడా ఉండేది కాదు. గాజుబుడ్డి తెర దానికి తోడు. నేటి యంత్రం అట్లా కాదు. పని లేనప్పుడు కునుకు తీస్తుంది, పని చెపితే లేచి ఆకలి అంటుంది. కాలం మారినా పాత మాటనే వల్లించి, ఖర్చు లేని దానమని చెప్పి జనాన్ని పిలవడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఖర్చు ఇంత అని చెప్పి అడిగితే ఇచ్చేవారు ఇస్తారు.

అట్లాగైతే ఆ డబ్బే శాస్త్రజ్ఞులకు పంపరాదా, పెద్ద యంత్రశాలలు అదే లెక్కను తక్కువ కరెంటుతో చేస్తవి గదా అని ఒక మిత్రుడు వాదించినాడు. వాదంలో బలం ఉన్నది. 2024 అక్టోబరులో, అప్పటికి తెలిసినవాటిలో అన్నిటికన్న పెద్ద ప్రధాన సంఖ్య, నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలు గలది, దొరికినది. 1996నుండి ఇంటి కంప్యూటర్లతో ఆ వేట సాగిస్తున్న బృందంలోనే దొరికినది గాని, కనిపెట్టినాయన వాడినది ఇంటి యంత్రం కాదు. పలు దేశాలలో యంత్రశాలలనుండి అద్దెకు తీసుకొన్న యంత్రాలు. అయినా అద్దెకు డబ్బు పెట్టగల శాస్త్రజ్ఞులు ఎందరు? వెంటనే లాభం చూపలేని ప్రశ్నకు నిధి మంజూరు కాదు. అట్టి ప్రశ్నకు ఈనాటికీ ఇండ్లే దిక్కు.

చేయదలచినవారికి రెండు మూడు మాటలు. పదేండ్లనాటి పాత యంత్రంతో ఈ పని పెట్టుకోవద్దు. కరెంటు ఎక్కువ, ఫలం తక్కువ. పథకం ఏ విశ్వవిద్యాలయానిదో, ఏ పరిశోధన సంస్థదో, ఫలితాలను అందరికీ ప్రకటిస్తున్నదో లేదో విచారించి, ప్రోగ్రామును వారి సొంత చోటినుండే తెచ్చుకోండి. శాస్త్రం పేరు చెప్పి మీ యంత్రంతో నాణేలు తవ్వుకొనే మోసగాండ్రు ఉన్నారు. ముఖ్యంగా, మీ సొంత యంత్రం మాత్రమే ఇవ్వండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కళాశాల కంప్యూటర్ల ఉద్యోగి అనుమతి లేకుండ కళాశాల యంత్రాలలో ఇట్టి ప్రోగ్రామును పెట్టి, కేసు పడి, చివరకు 2002లో జరిమానాతో, ప్రొబేషన్‌తో బయటపడినాడు. ఆయన ఉద్దేశం మంచిదే. బియ్యం మాత్రం వేరొకరివి.

మా ఇంట ఇప్పుడు ఏర్పాటు ఏమంటే, కంప్యూటరును సగం బలంతోనే పనిచేయించుతాము. ఆ సదుపాయం ప్రోగ్రాములోనే ఉన్నది. ఉగాది మొదలు తొలకరి వరకు సెలవు; ఆ ఎండలలో ఆ గదిలో ఇంకొక పొయ్యి పెట్టుకోలేము. మిగిలిన నెలలలో వారానికి రెండు రాత్రులు. ఏ రాత్రులన్నది మా ఇంటావిడే నిర్ణయించినది: గురువారం, ఆదివారం. మా అబ్బాయి ఆ రోజులలో పడుకోబోయేముందు తెరమీద చూసి, ఈ రాత్రి ఏ మాంసకృత్తి వచ్చినదో, ఏ రోగానికి సంబంధించినదో వాళ్ళమ్మకు చదివి చెపుతాడు. ఆవిడ మీటరు అంకె క్యాలెండరుమీద వ్రాసి పెడుతుంది. నిన్నటి గురువారం రాత్రి అరయూనిటు.